కదలని మీటరు, తగ్గని బిల్లు



ఆషాఢమాసము వచ్చినదనగా మన పల్లెలలో కల్యాణమండపముల తలుపులు మూతపడును. మేళము లేదు, పందిరి లేదు, విస్తరి లేదు. వాకిట ధూళి పేరుకొనును. కాని నెల తిరుగగానే కరెంటు బిల్లు మాత్రము వచ్చును. వచ్చుటయే కాదు, ఒక్కొక్కచోట వేలకు వేలుగ వచ్చును. "దీపము పెట్టని యింటికి చమురు ఖర్చేమిటి?" యని పెద్దలు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము గూడ కలదు. ఆ సమాధానము తెలియకపోవుటచే ఊళ్లలో మనుష్యుల మీద నిందలు పడుచున్నవి. కావున కనీస డిమాండు చార్జీ యనబడు ఈ పద్దును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

నేను భాషాప్రవీణ చదివి, ముప్పదియేండ్లకు పైగ తెలుగు చెప్పిన బడిపంతులను. ఇంజనీరును గాను. ఐనను బిల్లు గూడ నొక వాక్యమువంటిదే. పదములను విడదీసి, దేనికి దేనితో అన్వయమో చూచుకొన్నచో అర్థము దానంతట అదియే వచ్చును.

మొదట డిమాండు అను మాటను చూతము. మనయూళ్లలో ఈ మాటకు రెండర్థములు వాడుకలో నున్నవి. మిరపకాయలకు డిమాండున్నదనిన గిరాకి యని యర్థము. బ్యాంకువారు డిమాండు నోటీసు పంపిరనిన బాకీ యని యర్థము. కరెంటు బిల్లులోని డిమాండు ఈ రెండును గాదు. బాకీ యనుకొని కంగారుపడినవారిని నేనెఱుగుదును. బిల్లులో ఆ మాటకు, ఒక్కమాఱుగ మీరు లాగుకొన్న విద్యుచ్ఛక్తి యొక్క పరిమాణము అని అర్థము. ఎంత వాడితిమన్నది యూనిట్ల లెక్క. ఒకే సమయమున ఎంత బలముగ లాగితిమన్నది డిమాండు లెక్క.

ఇద్దఱు గృహస్థులున్నారనుకొనుడు. ఇద్దఱికిని దినమునకు ఇరువది బిందెల నీరు కావలెను. ఒకరింటివారు ప్రొద్దుటినుండి మాపటివఱకు ఒక్కొక్క బిందె తెచ్చుకొందురు. వారికి ఒక చేద, ఒక మనిషి చాలును. రెండవవారింట విందు. ఇరువది బిందెలును ఒక్క గడియలో కావలెను. అప్పుడు నాలుగు చేదలు, పదిమంది మనుష్యులు, అంతమంది నిలువదగిన వెడల్పుగల బావిగట్టు కావలెను. నీరు ఇద్దఱికిని సమానమే. ఏర్పాటు సమానము కాదు. ఆ ఏర్పాటు ఖర్చే డిమాండు చార్జీ.

విందు లేని దినమున ఆ ఏర్పాటు ఖర్చు ఎందుకీయవలెనన్నది తరువాతి ప్రశ్న. నా బాల్యమున మా యూరి వడ్రంగికిని, కమ్మరికిని కళ్లములోనే మేర కొలిచెడివారు. ఆ యేడు నాగలి విఱిగినను విఱుగకున్నను మేర మేరయే. ఏరువాకనాడు కబురంపిన మఱుక్షణమున అతడు ఉలి పట్టుకొని రావలెను గదా! అట్లు సిద్ధముగ నుండినందులకు ఆ ధాన్యము. క్రొత్త బండి చేయించుకొన్నచో దాని కూలి వేఱు. విద్యుచ్ఛక్తిలోను ఇదే పద్ధతి. మీ మండపమునకు నూఱు కె.వి.ఏ. కావలెనని మీరు వ్రాసియిచ్చినప్పుడు, అంత శక్తి మోయగల తీగలు, ట్రాన్స్‌ఫార్మరు, దాని వెనుక సబ్‌స్టేషను, ఆ పైన ఉత్పత్తి కేంద్రము, ఇన్నియు మీకై కొంత భాగము కేటాయింపబడి కాచుకొనియుండవలెను. మీరు మీట నొక్కకున్నను వాని అప్పులకు వడ్డీ ఆగదు, కాపలాదారుల జీతములు ఆగవు.

ఇది మన విద్యుత్ సంస్థలు కనిపెట్టిన యుక్తి యని కొందఱందురు. కాదు. 1892లో ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్ అను ఇంజనీరు విద్యుత్ సరఫరా ఖర్చును గూర్చి యొక ఉపన్యాసమిచ్చి, ధర రెండు భాగములుగ నుండవలెననెను. సిద్ధముగ నుండినందులకు ఒక భాగము, వాడినదానికి ఒక భాగము. అదే దశకములో బ్రైటన్ పట్టణమున ఆర్థర్ రైట్ అను నాయన గరిష్ఠ డిమాండును చూపు పరికరమును వాడుకలోనికి తెచ్చెను. అమెరికాలోని చికాగో నగరమున విద్యుత్ కంపెనీ నడుపుచుండిన శామ్యూల్ ఇన్సల్ ఆ పద్ధతిని చూచి తన దేశమునకు గొనిపోయెను. మన దేశమున 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టములోని 45వ సెక్షను, వాడిన కరెంటు ధరతోపాటు స్థిరమైన చార్జీని గూడ వసూలు చేయుటకు అనుమతి యిచ్చుచున్నది. కావున చార్జీ ఉండుట అక్రమము కాదు. ఎంత ఉండవలె ననుటయందే వివాదమునకు తావున్నది.

చిన్న దుకాణములకు ఈ లెక్క సులభము. ఒప్పుకొన్న కిలోవాట్లు ఇన్ని, కిలోవాటుకు ఇంత, అంతే. పెద్ద సర్వీసులకు, అనగా పదునొకండు వేల వోల్టుల తీగ నుండి తీసుకొను హెచ్.టి. సర్వీసులకు, మీటరు స్వయముగ డిమాండును వ్రాసికొనును. అది క్షణక్షణమును పట్టుకొనదు. సాధారణముగ అరగంట కాలములో వాడినదానిని కూడి, రెండింతలు చేసి, గంటకెంత వేగమో చూచును. నెలలోని అరగంటలన్నిటిలో ఏది అధికమో అదియే ఆ నెలకు నమోదైన గరిష్ఠ డిమాండు. మోటారు తిరుగబోవునప్పటి ఒక్క తృటి విసురు వలన పెద్దగ హాని లేదు. అరగంటసేపు అన్నియు కలిసి నడచుటయే లెక్కకెక్కును.

ఇక అసలు ముడి. మన తెలుగునాట హెచ్.టి. సర్వీసులకు చాలకాలముగ నున్న నియమమిది: నమోదైన గరిష్ఠ డిమాండు, లేదా ఒప్పుకొన్న డిమాండులో నూటికి 80 వంతులు, ఈ రెంటిలో ఏది హెచ్చో దానికి సొమ్ము కట్టవలెను. దీనినే బిల్లింగు డిమాండందురు. ఈ 80 వంతులే కనీస డిమాండు. తలుపులు మూసిన నెలలో బిల్లు తగ్గకుండుటకు కారణమిదియే.

ఈ నియమము తెలియనందున జరిగిన యొక సంగతి చెప్పెదను. 2013లో మా ప్రాంతపు గ్రామమొకదానిలో, ఊరివారు చందాలు వేసికొని కట్టుకొన్న మండపమునకు ఆషాఢమాసమున 42 వేలకు పైగ బిల్లు వచ్చినది. కోశాధికారి నాయొద్ద చదువుకొన్న చిన్నవాడు. చిల్లరదుకాణము నడుపుకొనుచు, జీతము లేకుండ ఆ లెక్కలు వ్రాయుచుండెను. రచ్చబండయొద్ద పెద్దలు కూడిరి.

"తాళం వేసిన ఇంట్లో నలభై రెండు వేల కరెంటు ఎవడు కాల్చాడురా అబ్బాయీ?" అని ఒక పెద్ద అడిగెను.

"బిల్లు మీ ముందే పెట్టాను గదా బాబాయిగారూ. అందులో ఉన్నదే కట్టాను."

"ఆ కాగితం మాకేం అర్థమవుతుంది? డబ్బు పోయిందన్న సంగతి మాత్రం అర్థమవుతోంది."

ఆ మాటతో చిన్నవాని ముఖము వెలవెలబోయినదట. తన ఇంటిస్థలము అమ్మియైనను సొమ్ము చెల్లించి, పని మానివేయుదునని అతడు లేచిపోయెను. మఱునాడు నాకు కబురు వచ్చినది. పండ్రెండు నెలల బిల్లులు తెమ్మంటిని. అతడు వానిని నెలల వరుసన దారమున గుచ్చి దాచియుంచెను. లెక్క తారుమారు చేయువాడు కాగితములను అట్లు దాచడని నాకు అప్పుడే తోచినది. కాని తోచుట వేఱు, చూపుట వేఱు.

ఆ బిల్లులో మూడు అంకెలను వ్రేలితో చూపితిని. ఒప్పుకొన్న డిమాండు 100 కె.వి.ఏ. ఆ నెలలో నమోదైనది 6. బిల్లు వేసినది 80కి. దర కె.వి.ఏ.కు 350 రూపాయలు. ఎనుబదిని మూడువందల ఏబదిచే గుణించిన 28,000. ఇది గాక యూనిట్లకు గూడ ఆనాడొక కనీసముండెను: వాణిజ్య వర్గమునకు బిల్లింగు డిమాండులో కె.వి.ఏ.కి 25 యూనిట్ల చొప్పున. ఎనుబదికి 2,000 యూనిట్లు. మీటరు తిరిగినది 300 యూనిట్లకు మించదు, కాని 2,000 యూనిట్ల ధర పడినది. యూనిటుకు సుమారు 7 రూపాయల వంతున అది 14,000. రెండును కలిసి 42,000. పైన చిల్లర పద్దులు.

ముందునాడు ప్రశ్నించిన పెద్దయే వ్రేళ్లు మడచుకొనుచు, "అంటే మనం వాడింది ఆరు, కట్టింది ఎనభైకా మాస్టారూ?" అనెను.

"అవునండీ."

"మరి ఈ వంద ఎవరు రాసిచ్చారు?"

ఒప్పందపు నకలు తెప్పించితిమి. మండపము కట్టునాడు పనులు చేయించిన గుత్తేదారు "ఎందుకైనా మంచిది, వంద వేయండి" అనినాడట. అంచనా చూచినవారు లేరు. క్రింద అయిదుగురి సంతకములున్నవి. మొదటి సంతకము ఆ పెద్దదే. ఆయన కాగితమును కొంతసేపు చూచి, మడచి, "రారా, ఇలా వచ్చి కూర్చో" అని కుఱ్ఱవానిని తన ప్రక్కకు పిలిచెను. ఆ దినమున అంతకు మించి ఎవరును మాటాడలేదు.

తరువాత లెక్కకు కూర్చుంటిమి. పండ్రెండు నెలలలో, మాఘమాసపు ముహూర్తముల నాడు గూడ, ఆ మండపము 68 కె.వి.ఏ. దాటలేదు. ఏడు నెలలలో 60కి లోపలనే యుండెను. తక్కిన అయిదు నెలలు 60కిని 68కిని నడుమ. ఒప్పందము 75కి తగ్గించినచో దానిలో 80 వంతులు 60 అగును. ఏడు నెలలు నెలకు 20 కె.వి.ఏ. చొప్పున తగ్గును: 49,000 రూపాయలు. ఐదు నెలలు కనీసము 12 చొప్పున తగ్గును: 21,000. వెరసి డిమాండు పద్దుమీదనే ఏటికి 70,000కు తక్కువ గాని మిగులు. కనీస యూనిట్ల పద్దు గూడ బిల్లింగు డిమాండును బట్టియే గదా, అదియు దానితోపాటు దిగును. ఒప్పందపు కనీస గడువు అంతకుముందే తీఱియుండెను. దరఖాస్తు పెట్టిరి, కొన్ని నెలలకు తగ్గింపు మంజూరైనది.

ఇంకొక సంగతి అప్పుడే బయటపడినది. పెండ్లివారి యొద్ద మండపమువారు, మీటరు తిరిగిన యూనిట్లకు మాత్రమే కరెంటు సొమ్ము తీసికొనుచుండిరి. డిమాండు పద్దు ఊరి చందాలనుండి పోవుచుండెను. తగ్గింపు తరువాత ఏటికి డిమాండు చార్జీ హెచ్చుపక్షము 2,66,000 రూపాయలు. ఆ యేట జరిగిన పెండ్లిండ్లు 38. పంచిన ఒక్కొక్క పెండ్లికి 7,000. ఆ సొమ్మును అద్దెలో చేర్చుకొనిరి. మండపములే కాదు, సినిమాహాలు, లాడ్జి, అంగళ్ల సముదాయము, ఏది నడుపువారైనను ఈ పంపకము వేసికొననిదే తమ వ్యాపారమున లాభమో నష్టమో తెలియజాలదు.

ఐతే తగ్గింపు అనగానే తొందరపడి మరీ దిగువకు పోరాదు. ఒప్పుకొన్నదానిని దాటి లాగినచో, దాటిన భాగమునకు రెట్టింపు దర పడును. మఱింత దాటినచో వడ్డన మఱింత తీవ్రముగ నుండును. కావున పండ్రెండు నెలల గరిష్ఠమును చూచి, దానిపైన కొంత అంచు ఉంచుకొనుడు. ఆ అంచును కాపాడుకొనుట వంటవానికిని, వాచ్‌మన్‌కును తెలిసిన పని. తొట్టి నీళ్లు తెల్లవాఱుజాముననే నింపించుడు. రుబ్బుడు యంత్రములు దీపాలంకరణకు ముందే ఆగిపోవలెను. పెండ్లిసభలోను భోజనశాలలోను చల్లని గాలి యంత్రములను ఒక్కమాఱే వేయక, జనము కదలినవైపు వేయించుడు. ఆ మండపమున 75ను దాటకుండుటకు ఈ పాటి జాగ్రత్తయే చాలినది.

కె.వి.ఏ. యన్నది ఏమి, కిలోవాటు కాదా యని కొందఱికి సందేహము. పాలు పితుకునప్పుడు చెంబులో నురుగు పొంగును. మనము త్రాగునది పాలే. కాని చెంబు పాలకును నురుగుకును కలిపి చాలవలెను. పాలు కిలోవాట్లు, చెంబు కె.వి.ఏ. మోటారులు, పాత పంకాలు నురుగు హెచ్చుగ లేపును. కెపాసిటరు అను పరికరము సరియైన పరిమాణమున బిగించిన నురుగు తగ్గును, అంత చెంబు అక్కఱలేదు. పరిమాణము తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే అది బిగింపించుడు.

ఇక న్యాయాన్యాయముల మాట. పెండ్లి మండపము ఏడాదిలో ఏబది దినములు నడచును. దానికి ఏడాది పొడవున 80 వంతుల భారము మోపుట కఠినమని నా యభిప్రాయము. ప్రత్తి జిన్నింగు, చక్కెరవంటి ఋతుపరిశ్రమలకు పని లేని కాలమున ఈ కనీసమును తగ్గించు ఏర్పాటు దరల పట్టికలో చాలకాలముగ నున్నది. కాని అవతలివారి మాటయు వినవలెను. మంచి ముహూర్తము మీయూరికి మాత్రమే రాదు. పంచాంగము అందఱికిని ఒకటే. మాఘమాసమున ఒక బలమైన లగ్నమున్నదనిన జిల్లాలోని మండపములన్నియు ఆ రాత్రియే వెలుగును, ఆ రాత్రియే వాని తీగలన్నియు నిండుగ బరువు మోయవలెను. ఒకరు వాడనప్పుడు మఱియొకరు వాడుదురులే యని తీగను సన్నము చేసికొను వీలు మండపముల విషయమున తక్కువ.

పైని సంగతి జరిగిన కొన్నేండ్లకు ఆంధ్రప్రదేశ్ దరల పట్టికలో కల్యాణమండపములను, సభామందిరములను వేఱు తరగతిగ చేసి, డిమాండు చార్జీ తీసివేసి, యూనిట్ దరను మామూలు వాణిజ్యపు దరకంటె హెచ్చుగ నిర్ణయించిరి. ఆషాఢపు భారము దిగినది. కాని ఆ సొమ్ము మాయము కాలేదు. ముహూర్తమునాటి యూనిట్లలోనికి చేరినది. తక్కువ పెండ్లిండ్లు జరుగు మండపమునకు ఇది మేలు. ఎడతెగక జరుగు మండపమునకు అంత మేలు గాకపోవచ్చును. అక్కడివారు తమ బిల్లుమీద తరగతి యేమని వ్రాసియున్నదో చూచుకొనవలెను. పాత వాణిజ్య తరగతిలోనే యున్నచో మార్పు కోరవచ్చును.

సినిమాహాళ్ల కథ వేఱు. 2020లో మహమ్మారి వలన హాళ్లు నెలల తరబడి మూతపడినప్పుడు ఈ కనీస చార్జీలే యజమానులకు గుదిబండలైనవి. ఆ కాలపు చార్జీల విషయమున ఉభయ రాష్ట్రముల ప్రభుత్వములును ఉపశమనము ప్రకటించినవి. అట్టి ఆపద వచ్చిననే గాని మాఫీ రాదు. ఏటేట వచ్చు ఆషాఢమునకు, మూఢములకు ఎవరును మాఫీ ఈయరు.

దరలను నిర్ణయించునది విద్యుత్ పంపిణీ సంస్థ కాదు, విద్యుత్ నియంత్రణ మండలి. క్రొత్త దరలకు ముందు మండలివారు ప్రకటన వేసి, అభ్యంతరములు కోరి, బహిరంగ విచారణ జరుపుదురు. అక్కడ పెద్ద పరిశ్రమలవారు లెక్కలతో వచ్చి మాటాడుదురు. పల్లెల మండపములవారు, లాడ్జీలవారు వచ్చుట అరుదు. కార్డుముక్క వ్రాయుటయు అరుదే. పదిమంది పెద్దలు సంతకములు చేసి, పండ్రెండు నెలల అంకెలు జతచేసి పంపిన, అది గూడ విచారణలో చేరును.

బిల్లులోనే పొరపాటున్నదని తోచినచో మొదట స్థానిక విద్యుత్ కార్యాలయమున వ్రాతపూర్వకముగ ఫిర్యాదు చేసి, అందినట్లు సంతకము తీసికొనుడు. అచట తీఱనిచో 2003 చట్టము క్రింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక యున్నది. ఆ తీర్పు నచ్చనిచో విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. నోటిమాటగ లైన్‌మాన్‌తో చెప్పి ఊరకుండుట వలన ఏమియు జరుగదు. పాపము, అతని చేతిలో ఏమియు లేదు.

ఒప్పందము తగ్గించుకొనదలచినవారు మొదట చూడవలసినది ఒప్పందపు తేదీ. కనీస గడువు తీఱకమునుపు తగ్గింపు దొరకదు. తీఱిన పిమ్మటను ముందుగ నోటీసు ఈయవలెను. చాల గ్రామములలో ఆ నకలే కనబడదు. అధ్యక్షుడు మాఱినప్పుడు బీరువా తాళముతోపాటు అది గూడ ఎక్కడికో పోవును. సర్వీసు నంబరు వ్రాసి కార్యాలయమునకు దరఖాస్తు పెట్టి, నకలు తెప్పించుకొనుడు. నోటీసు గడువు, మంజూరు, మీటరు సరిచూచుట, వీనికన్నిటికిని కొన్ని నెలలు పట్టును. కావున ఆషాఢములో బిల్లు చూచి పరుగెత్తుటకంటె, మాఘమాసపు పెండ్లిండ్లు ముగిసి, ఏటి గరిష్ఠపు అంకె చేతికి రాగానే, ఫాల్గుణములోనే దరఖాస్తు పంపుట యుక్తము.